వీపు మీద చెయ్యి: నాటకం గురించి మీ ఉత్తరాలు, నా జవాబులు

పోయిన నెల ఈ పేజీలో మా పిల్లల నాటకం గురించి నాలుగు మాటలు రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కనపెట్టి వాటికే జవాబులు రాస్తున్నాను.

నాటకం చూడనివాళ్ల కోసం ముందు కథ చెప్తాను. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు. ఓనరు కూతురు ప్రైవేటు స్కూల్లో, అదే మిల్లులో బోరాలు మోసే హమాలీ కూతురు గవర్నమెంటు హైస్కూల్లో, ఇద్దరూ తొమ్మిదో తరగతి. ఖోఖో సెలక్షన్లలో ఒకే జట్టులో పడతారు. ఖోఖోలో ఎనిమిది మంది వరసగా గొంతుక్కూర్చుంటారు కదా, పక్కపక్కవాళ్ల ముఖాలు ఎదురు దిక్కులకు ఉంటాయి. వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అనగానే లేచి పరుగెత్తాలి. తట్టింది ఎవరని తిరిగి చూసే వ్యవధి ఉండదు. స్నేహం అక్కడ మొదలవుతుంది. తర్వాత ఒకరింటికి ఒకరు వెళ్తారు, అక్కడ చిక్కులొస్తాయి. సంక్రాంతి దాటాక హమాలీ కుటుంబం సుగ్గికి పోతుంది, అంటే గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి. ఉగాదికి తిరిగొచ్చాక ఇద్దరూ మళ్లీ గ్రౌండులో కలుస్తారు. మొత్తం నలభై ఐదు నిమిషాలు. ఏడుగురు ఆడతారు, అందరూ ఇరవై ఏళ్ల లోపువాళ్లే. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో బడి బడికీ తిరుగుతున్నాం. రాసింది నేను. ముప్పై ఏళ్లు హైస్కూళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యాను.

*

*మేడం, మా స్కూల్లో మీ నాటకం వేశారు. దుప్పటి సీను దగ్గర మా పిల్లలు పకపకా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్లలో సగం మంది కూలీల పిల్లలే. అలాంటి చోట నవ్వు ఎలా వచ్చింది? మేం ఏమి నేర్పినట్టు?*
*– తెలుగు ఉపాధ్యాయుడు, పత్తికొండ దగ్గర*

మాస్టారూ, ముందు ఆ సీను ఏమిటో మిగతా పాఠకులకు చెప్పనివ్వండి. హమాలీ కూతురు మొదటిసారి ఓనరు వాళ్లింటికి వెళ్తుంది. వరండాలో తీగ మీద దుప్పటి ఆరేసి ఉంటుంది. అది ఎమ్మిగనూరులో వాళ్ల తాత నేసిన దుప్పటి. చూడగానే గుర్తుపట్టి సంబరంగా ‘ఇది మా తాత నేసింది!’ అంటుంది. ఓనరు భార్య దుప్పటి అంచు పట్టుకొని చూసి ‘ఔనా? అయితే మీ తాతకు చెప్పు, ఇక్కడ పోగు తప్పింది’ అంటుంది. మీ పిల్లలు నవ్వింది ఆ మాటకే.

ఒక్క మీ స్కూల్లోనే కాదండీ, దాదాపు ప్రతి చోటా అక్కడ నవ్వుతున్నారు. మొదట్లో నాకూ ప్రాణం చివుక్కుమనేది. తర్వాత ఒక పక్కన నిలబడి వాళ్ల ముఖాలు చూడటం మొదలుపెట్టాను. నవ్వు వెనక వరసలో పుడుతుంది. నవ్విన పిల్లవాడు వెంటనే పక్కవాడి ముఖం చూస్తాడు, వాడూ నవ్వాడా లేదా అని. పద్నాలుగేళ్ల పిల్లలకు తమ ఇంటి సంగతి నలుగురి ముందు బయటపడితే ఏం చెయ్యాలో తెలియదు. ఏడిస్తే పరువు పోతుంది, చేతిలో ఉన్నది నవ్వొక్కటే. ఒక ఊళ్లో అందరికంటే గట్టిగా నవ్విన పిల్లవాడు ఆట అయిపోయాక మాతోపాటు టార్పాలిన్ మడత పెట్టాడు. పెడుతూ పెడుతూ తల ఎత్తకుండా అడిగాడు: ‘ఆ దుప్పటి నిజంగా ఎవరిది మేడం?’

నిజంగా అది మా నాన్నది. మాది ఎమ్మిగనూరు. ఇంట్లో గుంత మగ్గం. బడి నుంచి రాగానే కండెలు చుట్టడం నా పని. ఒకసారి నాన్న దుప్పటి నేస్తుండగా ఆకుపచ్చ నూలు అయిపోయింది. అంచు చివరి జానెడు నీలం నూలుతో నేశాడు, ఆ తొందరలో ఒకచోట పోగు కూడా తప్పింది. సొసైటీలో అది వెనక్కి కొట్టారు. బజారులో ఒక బట్టల కొట్టాయనకు సగం ధరకు ఇచ్చుకోవలసి వచ్చింది. ఆ వారం మా ఇంట్లో ఏం తిన్నామో నాకు గుర్తుంది, ఇక్కడ రాయను. కొన్నాళ్లకు ఆ కొట్టాయన కూతురే నాకు క్లాసులో స్నేహితురాలయింది. వాళ్లింటికి వెళ్లిన మొదటి రోజున పెరట్లో తీగ మీద అదే దుప్పటి. జానెడు నీలం అంచు. నాకు ఎంత సంతోషమయిందో చెప్పలేను. మా నాన్న దుప్పటి ఇంత పెద్ద ఇంట్లో కప్పుకుంటున్నారని. ఆ మాటే అన్నాను. వాళ్లమ్మ అన్న మాట, నాన్నను తాత చేయడం తప్ప, నాటకంలో అక్షరం మార్చకుండా పెట్టాను.

ఆమె మీద నాకు ఇప్పుడు కోపం లేదు. కళ్ల ముందు కనిపించిన తప్పు చెప్పింది, అంతే. నన్ను ఇన్నేళ్లు వదలనిది నా స్నేహితురాలు ఊరుకోవడం. పక్కనే ఉంది, జామపండు తింటోంది. తినడం ఆపి నా వైపు చూసి, మళ్లీ తింది. తనకూ ఏమనాలో తెలియలేదని ఈ వయసులో నాకు అర్థమవుతోంది. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి నాన్నతో ఏమీ చెప్పకుండా కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను.

అందుకని మాస్టారూ, పిల్లల్ని తిట్టకండి. వచ్చే వారం తెలుగు పీరియడులో ఆ సీను వాళ్ల చేతే ఆడించండి. ఒక్కటే షరతు: ఓనరు కూతురు ఊరుకోకూడదు. ఎవరికి ఏది తోస్తే వాళ్లు లేచి వచ్చి ఆ పాత్ర స్థానంలో నిలబడి అది చెయ్యాలి. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. చూసేవాడే లేచి వచ్చి ఆడేవాడి స్థానంలో నిలబడాలని బ్రెజిల్‌లో అగస్టో బోల్ అనే ఆయన దారి చూపించాడు. మన బళ్లలో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఆలూరు వైపు ఒక స్కూల్లో ఒక పిల్లవాడు లేచి ‘అమ్మా, నేసినాయన మనవరాలు వచ్చింది, ముందు కాఫీ ఇయ్యి’ అన్నాడు. ఇంకో స్కూల్లో ఒక పాప ఏమీ మాట్లాడలేదు. నేరుగా తీగ దగ్గరికి వెళ్లి దుప్పటి తీసి, ఒక కొస తను పట్టుకొని రెండో కొస స్నేహితురాలికి అందించింది. దుప్పటి మడత పెట్టాలంటే ఇద్దరు కావాలి కదా. ఇద్దరూ దగ్గరికి వచ్చి, దూరం జరిగి, మళ్లీ దగ్గరికి వచ్చి మడిచారు. ఆ రోజు ఒక్కరూ నవ్వలేదు. నాకు మాత్రం గొంతు పట్టేసింది.

*

*అక్కా, మాది ప్రొద్దుటూరు. మా పాప తొమ్మిదో తరగతి. మా ఇంట్లో పనిచేసే ఆమె కూతురిది కూడా అదే ఈడు, చిన్నప్పటి నుంచి కలిసి పెరిగారు. మీ నాటకం చూసొచ్చిన రాత్రి పాప ‘అమ్మా, తను మన సోఫాలో ఎందుకు కూర్చోదు?’ అని అడిగింది. ‘ఎవరూ వద్దనలేదు కదా’ అన్నాను. అప్పట్నుంచి నాతో ముభావంగా ఉంది. ఆ పిల్లకు పాప డ్రెస్సులు, పుస్తకాలు ఇస్తాను. పోయినేడు ఫీజు కూడా కట్టాను. నేను చేసిన తప్పేమిటి?*
*– ఒక తల్లి*

చెల్లీ, మీరు ఈ ఉత్తరం రాశారంటేనే మీ మనసు మంచిదని తెలుస్తోంది. కాబట్టి దాచకుండా చెప్తాను.

‘ఎవరూ వద్దనలేదు’ అన్నది నిజమే. కానీ మీ ఇంటికి మీ ఆడపడుచు కూతురు వస్తే, వద్దనకపోతే చాలు, తనే కూర్చుంటుందిలే అని ఊరుకుంటారా? ‘రా తల్లీ, కూర్చో’ అంటారు. ఆ పిల్లకు ఆ మాట ఎవరూ అనలేదు. వాళ్లమ్మ నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతుంటే తను సోఫా ఎక్కి కూర్చోగలదా? మీ పాప అడిగింది సోఫా గురించి కాదమ్మా. ఇన్నేళ్లు తనకు కనిపించనిది ఒక్కసారిగా కనిపించింది. అది తనకూ భయంగానే ఉంది. ఆ ముభావం మీ మీద కోపమని అనుకోకండి. రేపు పిలిచి ‘నువ్వు అడిగింది సరైన ప్రశ్నే, నాకు అప్పుడు జవాబు తోచలేదు’ అనండి. పిల్లలకు అమ్మ అంత మాట అంటే చాలు, దగ్గరికి వస్తారు.

డ్రెస్సుల సంగతి. ఇవ్వడం మానమని అనను. పాప చేత మాత్రం ఇప్పించకండి. ఏమిచ్చినా మీరు, వాళ్లమ్మకు, పిల్లలు లేనప్పుడు ఇవ్వండి. పాప చేతుల మీదుగా వెళ్తే ఆ ఇద్దరి మధ్య ఒకరు ఇచ్చేవాళ్లు, ఒకరు పుచ్చుకునేవాళ్లు అయిపోతారు. ఇంకోటి కూడా ఉంది. మీ పాప గౌను వేసుకొని ఆ పిల్ల బయటికి వెళ్లిన రోజు, ఎవరైనా ‘ఇది ఫలానా వాళ్లమ్మాయిది కదా’ అంటే ఎక్కడ తల పెట్టుకుంటుంది? ఫీజు కట్టడం చాలా మంచి పని. ఆ మాట ఇంట్లో మళ్లీ ఎప్పుడూ ఎత్తకండి, ఈ ఉత్తరంలో ఎత్తినట్టుగా కూడా.

ఒక ప్రశ్న అడుగుతాను. ఇన్నేళ్లలో మీ పాప వాళ్లింటికి ఎన్నిసార్లు వెళ్లింది? నాకు తెలిసి ఒక్కసారీ వెళ్లి ఉండదు. నాటకంలో రెండో సగమంతా దీని మీదే నడుస్తుంది. హమాలీ కూతురు ఓనరు ఇంటికి మూడుసార్లు వెళ్తుంది, ఓనరు కూతురు మాత్రం ‘మా అమ్మ ఒప్పుకోదు’ అంటూ ఉంటుంది. ఎప్పుడూ ఒకరే వెళ్తుంటే దాన్ని స్నేహమని నేను అనలేను. పంపించండి. కానీ చెప్పకుండా వెళ్లొద్దు, భోజనం వేళకు అసలు వెళ్లొద్దు. మీ పాప వస్తోందంటే ఆమె అప్పు చేసైనా కోడి తెస్తుంది. సాయంత్రం టీ వేళకు, ఆమెను అడిగి, ఆమె సరేనన్న రోజున వెళ్లనివ్వండి. చుట్టాలింటికి వెళ్తే పండ్లు తీసుకెళ్లినట్టే తీసుకెళ్లాలి. బొరుగులు పెడితే బొరుగులు, ఉగ్గాని పెడితే ఉగ్గాని తినాలి. బాటిల్లో నీళ్లు ఇంటి నుంచి పట్టుకెళ్లకూడదు. ఈ చివరి మాట మరిచిపోకండి, నాటకంలో సీసా మూత తీసిన చప్పుడుకే ఒక సీను మొత్తం తిరిగిపోతుంది.

ఇంకో మాట అడగకుండా ఉండలేను. వాళ్లమ్మకు జ్వరమొచ్చిన రోజు మీ ఇంట్లో గిన్నెలు ఎవరు తోముతున్నారు? ఆ పిల్ల వచ్చి తోముతోందా? అలా జరుగుతుంటే వెంటనే ఆపించండి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని ఇంటిపనికి పెట్టుకోవడం చట్టప్రకారం నేరం, అది ఎటూ ఉంది. ఆ పిల్లకు పద్నాలుగు దాటినా కూడా వద్దనే అంటాను. స్నేహితురాలు తిన్న కంచం తను కడిగి, సాయంత్రం ఆమెతో సమానంగా ఆడుకోవడం ఏ పిల్లకైనా కష్టం. ఆమెకు జీతం కోయకుండా సెలవు ఇవ్వండి. ఆ రోజు గిన్నెలు మీరూ పాపా కలిసి తోముకోండి.

*

*నేను పదో తరగతి, అనంతపురం. వార్షికోత్సవానికి మీ నాటకంలో రెండు సీన్లు వేస్తున్నాం. నాకు మిల్లు ఓనరు వేషం ఇచ్చారు. మా నాన్న ఆటో నడుపుతాడు. డబ్బున్నవాళ్లు ఇంట్లో ఎలా ఉంటారో నేనెప్పుడూ చూడలేదు. కూలింగ్ గ్లాసులు, సూటు అద్దెకు తెద్దామంటున్నారు ఫ్రెండ్స్. చాలా టెన్షన్‌గా ఉంది.*

నాయనా, సూటు వద్దు, కూలింగ్ గ్లాసులూ వద్దు. ఆదోనిలో మిల్లు ఓనర్లు తెల్ల చొక్కా, లుంగీతో కూడా గద్దె మీద కూర్చుంటారు. వేషం బట్టల్లో లేదు.

బళ్లారి రాఘవ పేరు విన్నావా? 1880లో మీ జిల్లా తాడిపత్రిలోనే పుట్టాడు. వృత్తికి లాయరు. రామరాజు నాటకంలో పఠాన్ రుస్తుం వేషానికి పెట్టింది పేరు. పఠానుగా పుట్టని మనిషి పఠానుగా నిలబడితే జనం నమ్మారు. నువ్వు ఓనరుగా నిలబడినా నమ్ముతారు, కాకపోతే చూసి నేర్చుకోవాలి. దానికి మీ ఇంట్లోనే గురువు ఉన్నాడు. మీ నాన్న రోజూ అద్దంలో ఎంతమందిని చూస్తుంటాడో అడుగు. ఎవరు ఎక్కగానే ఎక్కడికో చెప్పి ఫోన్‌లో పడిపోతారు, ఎవరు చిల్లర చేతికిస్తారు, ఎవరు సీటు మీద పెట్టి దిగిపోతారు, ఎవరు ‘అన్నా’ అంటారు, ఎవరు ‘ఏయ్ ఆటో’ అంటారు. ఇవన్నీ నోట్‌బుక్‌లో రాసుకో.

ఇంకో చిన్న కిటుకు చెప్తాను. మా ఓనరు పాత్ర కాఫీ తాగాక గ్లాసు ఎక్కడ పెట్టాలో చూడడు. చెయ్యి పక్కకు చాపుతాడు, అంతే. ఎవరో ఒకరు అందుకుంటారని ఆ చేతికి తెలుసు. ఈ ఒక్క కదలిక వచ్చేవరకు మా పిల్లవాడి చేత రెండు వారాలు ప్రాక్టీసు చేయించాను. మరో సంగతి, అతన్ని దుర్మార్గుడిలా ఆడకు. అరవకు, మీసం తిప్పకు. కూతురంటే అతనికి ప్రాణం. ‘వాళ్లతో నీకెందుకమ్మా’ అన్న మాట బిడ్డ మీద ప్రేమతోనే అంటాడు. అలా అంటేనే చూసేవాళ్లకు తమ నాన్న గుర్తొస్తాడు.

*

*మా స్కూల్లో వేయడానికి అభ్యంతరం లేదు. కానీ పేరెంట్స్ బాధపడకుండా చివర్లో ఓనరు మనసు మారి ఆ అమ్మాయిని చదివించినట్టు మార్చగలరా? తెలుగువాళ్లకు కథ సుఖాంతం కావాలి.*
*– ప్రైవేటు స్కూలు కరస్పాండెంట్, కర్నూలు*

మార్చలేనండీ. అలా మారిస్తే ఇద్దరు పిల్లల కథ కాస్తా ఒక దాత కథ అవుతుంది. చివరి చప్పట్లు ఓనరుకు పడతాయి.

తెలుగువాళ్లకు సుఖాంతమే కావాలన్న మాట కూడా నేను ఒప్పుకోను. రాఘవ మేనమామ, మన ధర్మవరం రామకృష్ణమాచార్యులు వందేళ్లకు పైగా కిందటే సారంగధర కథను విషాదాంతంగా రాసి ఆడించాడు. సంస్కృత నాటక సంప్రదాయం కూడదన్న పని అది. అయినా జనం చూశారు. మీ పేరెంట్స్ కూడా చూడగలరు. మీ పక్క వీధిలోని గవర్నమెంటు హైస్కూలు పిల్లల్ని కూడా పిలిచి, రెండు బళ్ల పిల్లల్నీ ఒకే టార్పాలిన్ మీద కలిపి కూర్చోబెడతానంటే, మేం రేపే వస్తాం.

*

*నాటకంలో ‘ఉన్నవాళ్లు, లేనివాళ్లు’ అంటారు తప్ప కులం ఊసే ఎత్తరు. మన సీమలో అది లేకుండా పేదరికం ఉందా? భయపడ్డారా?*
*– డిగ్రీ విద్యార్థి, కడప*

న్యాయమైన ప్రశ్న బాబూ. మొదటి రాతప్రతిలో కులం పేరు ఉంది. రిహార్సల్‌లో మా జట్టులోని ఒక అమ్మాయి వచ్చి ‘మేడం, మనం ఆడేసి టెంపో ఎక్కి వెళ్లిపోతాం. ఆ పేరున్న పిల్ల రేపు ఆ క్లాసులోనే కూర్చోవాలి కదా’ అంది. తను అలాంటి క్లాసులో కూర్చొని వచ్చిన పిల్ల. ఆ మాట విన్నాక పేరు తీసేశాను.

పేరు తీశాను గానీ సంగతి తీయలేదు. ఓనరు ఇంట్లో నాయనమ్మ ఆ పిల్లను చూడగానే అడిగే మొదటి ప్రశ్న ‘మీ ఇంటిపేరేంటి పాపా?’ అన్నది. జవాబు విన్నాక లోపలికి తిరిగి ‘ఆ గ్లాసులో ఇయ్యి’ అంటుంది. ‘ఆ గ్లాసు’ అంటే ఏమిటో ఏ ఊళ్లోనూ మేం విడమరిచి చెప్పలేదు. పిల్లలు ఎవరూ అడగనూ లేదు. అంత బాగా తెలుసు వాళ్లకు. ఆట తర్వాత మాటల్లో ఏ పిల్లయినా కులం పేరెత్తి మాట్లాడితే మేం తప్పించుకోము, కూర్చొని మాట్లాడతాం. అయినా నాటకంలోనే అనాలి అన్న నీ మాట తప్పని నేను అనలేను. ఇంకా ఆలోచిస్తున్నాను.

*

*మా ఊరికి మీ నాటకం రావాలంటే స్టేజి, లైట్లు, మైకులకు ఎంత ఖర్చవుతుంది?*
*– తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు, కళ్యాణదుర్గం వైపు*

స్టేజి అక్కర్లేదు, లైట్లు అక్కర్లేదు, మైకు అసలే వద్దు. పగటిపూట చెట్టు నీడ ఉంటే చాలు, వేపచెట్టయితే మరీ మంచిది. రెండు బెంచీలు, ఒక తీగ, తాగడానికి నీళ్లు మీరు చూడండి. చూసేవాళ్లు నూట యాభై మంది దాటకూడదు, దాటితే చివరి వరసకు మాట అందదు. టెంపో కిరాయి, ఏడుగురు పిల్లలకు, నాకు, డ్రైవరుకు మధ్యాహ్నం భోజనం, ఇంతే. కొత్త విషయమేమీ కాదు ఇది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు కీచకవధ ఆడించినప్పుడు మొదలైన సురభి వాళ్లు తరతరాలుగా ఇంటిల్లిపాదీ ఊరూరూ తిరిగి ఆడారు. తెరలు, సెట్టింగులు, మాయలు, మంత్రాలు అన్నీ మోసుకొని తిరిగారు వాళ్లు. మా సామానంతా కలిపితే ఒక ట్రంకు పెట్టె, ఒక దుప్పటి. పరీక్షల నెలలో మాత్రం పిలవకండి.

*

*మేడం, నేను 8వ తరగతి. మాది కోసిగి దగ్గర. మీ నాటకంలో ఆ అమ్మాయి ఉగాదికి సుగ్గి నుంచి తిరిగొస్తుంది. నా ఫ్రెండు పోయినేడు పోయింది. ఉగాదికి వాళ్లమ్మా నాయనా వచ్చినారు, తను రాలేదు. వాళ్ల అత్త పిల్లోల్లను చూసుకోనీకె ఆడనే పెట్టినారంట. మీరు ఎందుకు అట్ల రాసినారు?*

తల్లీ, నీ ఉత్తరం మా పిల్లలందరికీ చదివి వినిపించాను. చదివాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆ అమ్మాయి తిరిగి రావాలని నాకు ఆశ, అందుకని అలా రాశాను. నేను పాఠాలు చెప్పిన ఊళ్లలో సంక్రాంతి దాటితే హాజరు పట్టీలో పేర్ల ఎదురుగా సున్నాలు వరస పెట్టేవి. ఉగాది తర్వాత కొందరు వచ్చేవాళ్లు, చేతివేళ్లు మిరపకాయల ఘాటుకు ఎర్రబడి, కళ్లు తుడుచుకోవడానికి కూడా భయపడుతూ. కొందరు వచ్చేవాళ్లు కాదు. పదో తరగతి పిల్లలకైతే పరీక్షలు సరిగ్గా ఆ రోజుల్లోనే పడేవి. రాని పిల్లల పేర్లు కొన్ని నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి. వాళ్లు నాటకంలోనైనా రావాలనుకున్నాను. నువ్వు అడిగాక తెలిసింది, నా ఆశ కోసం నీ ఫ్రెండును మరిచిపోయానని.

చివరి సీను మార్చాం. ఉగాది వస్తుంది, గ్రౌండులో పిల్లలు వరసగా కూర్చుంటారు, ఒక గడి ఖాళీ. ఓనరు కూతురు పరుగెత్తుకుంటూ ఆ గడి దాకా వచ్చి ‘ఖో’ అనబోయి చెయ్యి చాపుతుంది, తట్టడానికి వీపు ఉండదు. అక్కడ ఆపేస్తున్నాం. మా ఓనరు కూతురు వేషం వేసే అమ్మాయికి ఆ చాచిన చెయ్యి ఎలా వెనక్కి తీసుకోవాలో ఇంకా తెలియడం లేదు. రోజూ ప్రయత్నిస్తోంది.

నాటకం సంగతి సరే. నీ ఫ్రెండుకు పద్నాలుగేళ్లు నిండలేదు కదా. ఆ వయసు పిల్లల్ని బడిలో ఎప్పుడొచ్చినా, సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. టీసీ లేదని ఆపకూడదు. చదువు మధ్యలో ఆగిపోయినా తన ఈడు పిల్లల తరగతిలోనే కూర్చోబెట్టి, వెనకబడిన పాఠాలు విడిగా చెప్పాలి. ఇదంతా 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో ఉంది. వాళ్లమ్మా నాయనా మళ్లీ సుగ్గికి పోయినా పిల్ల ఇక్కడే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, మీ మండలంలో ఎక్కడ నడుస్తోందో మీ హెచ్‌ఎం గారికి తెలుస్తుంది. అయితే ఇవన్నీ కదలాలంటే ముందు వాళ్లమ్మ ఒప్పుకోవాలి. ఆమె ఊళ్లోనే ఉందన్నావు కదా, నువ్వు ఒకసారి వెళ్లి మాట్లాడు. బడి సంగతి వెంటనే ఎత్తొద్దు, ముందు నీ ఫ్రెండు ఎట్లుందో అడుగు. వీలైతే అక్కడి ఫోన్ నంబరు అడిగి తనతో మాట్లాడు. రావాలని తనకు ఉందో లేదో కనుక్కో. మనం అనుకోవడం కాదు, తను చెప్పాలి.

వచ్చే నెల రెండో వారంలో కోసిగి వైపు వస్తున్నాం. మీ స్కూల్లో ఆట పొద్దున్నే పెట్టుకుంటాం. అయిపోయాక నువ్వూ నేనూ కలిసి హెచ్‌ఎం గారి గదికి వెళ్దాం, అక్కడి నుంచి వాళ్లమ్మ దగ్గరికి. నీ ఉత్తరంలో పేరు రాయలేదు. ఆ రోజు ట్రంకు పెట్టె దగ్గరికి వచ్చి నాతో చెప్పు.